చెవి నేర్చిన విద్య : మిమీ పెర్రిన్ చరిత్రము

పాటయందు ప్రీతి గల పిల్లలకు చదువు అబ్బదని తలిదండ్రులు కొందఱు తలంతురు. చదువునందు శ్రద్ధ గలవారికి పాటతో పని లేదని విద్యార్థులు కొందఱు తలంతురు. ఈ రెండు తలంపులును ఒక్క పొరపాటు నుండియే పుట్టినవని మాకు తోచుచున్నది. పాట వేఱు, చదువు వేఱు, ఒకదానికై వెచ్చించిన కాలము రెండవదానికి నష్టము అనుకొనుటయే ఆ పొరపాటు. దీనిని వాదముచే ఖండించుటకంటె ఒక జీవితమును చూపి వివరించుట మేలని యెంచితిమి. ఫ్రాన్సు దేశమున పియానో వాయించి, జాజ్ సంగీతమును పాడి, పాటలకు మాటలు కూర్చి, అనారోగ్యముచే పాట మానవలసివచ్చిన పిమ్మట గ్రంథములను భాషాంతరీకరించి పేరొందిన మిమీ పెర్రిన్ అను నామె చరిత్రమును మన విద్యార్థుల ముందుంచుచున్నాము. ఆమె పేరును మనము పెర్రిన్ అని వ్రాయుచున్నను, ఫ్రెంచివారు చివరి నకారమును విడిగా పలుకక, దానికి ముందున్న అచ్చును ముక్కుతో పలుకుదురు.

1. బాల్యము, విద్య

మిమీ పెర్రిన్ 1926వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, పారిస్ నగరమును ఆనుకొని ఆగ్నేయదిశయందున్న సేఁ మొరీస్ అను పట్టణమున జన్మించెను. చిన్ననాటనే పియానో నేర్చెను. పియానో వాయించువారి కుడిచేయి ఒక పని, ఎడమచేయి వేఱొక పని చేయుచుండును. చెవి మాత్రము ఆ రెంటిని కలిపి వినుచుండవలయును. ఒక్క గొంతు, ఒక్క రాగము వినుటకు అలవాటుపడిన మనకు ఇది క్రొత్తగా నుండును. పలు స్వరములు ఒక్కమాఱు మ్రోగుచుండగా ప్రతి స్వరమును విడదీసి వినగల శక్తి ఇట్టి అభ్యాసముచే అలవడును. ఈ శక్తి ఆమెకు ఎట్లు అక్కఱకు వచ్చినదో ముందు తెలియగలదు.

1940లో జర్మను సేనలు పారిస్ నగరమును ఆక్రమించునప్పటికి ఆమెకు 14 ఏండ్లు. 1944 ఆగష్టు మాసమున నగరము విముక్తి పొందునప్పటికి 18 ఏండ్లు. మన పై తరగతుల విద్యార్థుల ప్రాయమంతయు ఆమెకు పరుల పాలనయందే గడచిపోయెను. యుద్ధము ముగిసిన పిదప పారిస్ యువజనులు తమ చిక్కబట్టిన ఊపిరిని ఒక్కమాఱుగా విడిచినట్లు పాటకును, నాట్యమునకును, చర్చకును ఎగబడిరి. సేన్ నదికి దక్షిణపు టొడ్డున సేఁ జెర్మేఁ దె ప్రె అను పేట కలదు. అచ్చటి మేడల క్రింది నేలమాళిగలలో రాత్రులయందు జాజ్ సంగీతము మ్రోగుచుండెను. ఆ పేట నుండి నడచిపోగల దూరముననే సొర్బోన్ అను ప్రాచీన విద్యాలయము కలదు.

మిమీ పెర్రిన్ సొర్బోన్‌నందు ఆంగ్లభాషను అభ్యసించెను. సేఁ జెర్మేఁ పేటయందు పియానో వాయించెను. చదువు ఒక వీథిలో, పాట ఒక వీథిలో నుండగా ఆమె రెండు వీథులలోను నడచెను. ఆంగ్లము జాజ్ పాటల భాష. కావున ఒక వీథిలో నేర్చినది రెండవ వీథిలో పనికివచ్చుచుండెను.

2. జాజ్ సంగీతము

జాజ్ అనునది ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దేశపు దక్షిణభాగమున, ముఖ్యముగా న్యూ ఆర్లియన్సు నగరమున, నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతి ప్రజలు పెంచిన సంగీతము. బానిసత్వమునందు మగ్గిన తాతల పాటలును, దేవాలయ గీతములును, వీథులలో నడచు బాకా మేళములును అందు కలిసిపోయినవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1918లో, జేమ్స్ రీస్ యూరప్ అను నల్లజాతి సైన్యాధికారి తన సైనిక వాద్యబృందముతో ఫ్రాన్సుకు వచ్చి ఈ క్రొత్త లయను ఫ్రెంచివారికి వినిపించెను. నాటినుండి ఫ్రాన్సు దేశమున దీనికి ఆదరణము కలిగినది.

ఈ సంగీతమున నొక ముఖ్యలక్షణము కలదు. బృందమంతయు కలిసి ఒక పాటను వాయించిన పిమ్మట, ఒక్కొక్క వాద్యకాడు ముందుకు వచ్చి ఆ పాట చట్రమును విడువక, అప్పటికప్పుడు తన బుద్ధికి తోచిన స్వరములను అల్లును. మన కచేరీలలో మనోధర్మ మనబడునది దీనికి మిక్కిలి దగ్గఱ. ఈ కల్పన గాలిలో పుట్టి గాలిలో కలిసిపోవును. గ్రామఫోను రికార్డు వచ్చిన పిమ్మట మాత్రమే దానిని మఱల మఱల వినుట సాధ్యమైనది.

3. స్వరమునకు సాహిత్యము

అట్లు వినుచున్నవారిలో కొందఱికి ఒక చిత్రమైన తలంపు పుట్టెను. బాకా వాయించినవాడు అల్లిన ఆ స్వరములకు మాటలు కూర్చి, ఒక్క స్వరము తప్పకుండ ఏల పాడరాదు? దీనికి ఆంగ్లమున వోకలీస్ అని పేరు. మన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. మన స్వరజతియందు ముందు స్వరములు పాడి, పిదప అవే స్వరములకు అమర్చిన సాహిత్యమును పాడుదురు. శ్యామశాస్త్రిగారి తెనుగు స్వరజతులను విన్నవారెల్లరు ఈ అమరికను ఎఱుగుదురు. భేద మేమనగా, మన వాగ్గేయకారుడు స్వరమును సాహిత్యమును తానే కల్పించును. వోకలీస్ వ్రాయువారు పరుల స్వరమును, అదియు ఒకప్పుడు మెఱుపువలె వచ్చి పోయినదానిని, చెవితో పట్టి, దానికి కొలతగా మాటలు కుట్టవలయును.

అమెరికాయందు ఎడ్డీ జెఫర్సన్, కింగ్ ప్లెజర్ అనువారు ఈ మార్గమున ముందు నడచిరి. 1957లో లాంబర్ట్, హెండ్రిక్స్, రాస్ అను మువ్వురు కౌంట్ బేసీ వాద్యబృందపు పాటలను తమ మూడు గొంతులనే పలుమాఱులు ఒకదానిపై నొకటి రికార్డు చేసి, ఒక పెద్ద మేళమువలె వినిపించిరి. పారిస్ నగరమునందును ఇట్టి ప్రయత్నములు జరుగుచుండెను. బ్లాసమ్ డియరీ అను అమెరికను గాయని అచ్చట నివసించుచు బ్లూ స్టార్స్ అను గాయకబృందమును నెలకొల్పి, ఆంగ్లపు జాజ్ పాటలను ఫ్రెంచిమాటలతో పాడించెను. మిమీ పెర్రిన్ ఆ బృందమునందు పాడి బృందగానమున అనుభవము సంపాదించెను.

4. ఆరుగురు, పన్నెండు గొంతులు

1959లో మిమీ పెర్రిన్ తన సొంత బృందమును స్థాపించెను. దాని పేరు లే దూబ్ల్ సీస్, అనగా జంట ఆఱులు. బృందమున నుండువారు ఆరుగురు. వారు ముందు ఆఱు పంక్తులను పాడి రికార్డు చేయుదురు. పిదప దానిని వినుచు, దానిమీద మఱి ఆఱు పంక్తులను పాడుదురు. ఇట్లు ఆరుగురి నుండి పన్నెండు గొంతులు పుట్టును. ఒక పెద్ద జాజ్ మేళమునందలి బాకాలు, ట్రాంబోనులు, శాక్సోఫోనులు వాయించు పంక్తులన్నియు మానవకంఠములకు వచ్చును. తాళమునకై డ్రమ్ములు మొదలగు కొలది వాద్యములు మాత్రము వెంట నుండును. రెండవమాఱు పాడునపుడు ఒక్కరు వెండ్రుకవాసి ముందైనను వెనుకైనను మొదటి పాటతో అతుకదు. మఱల మొదటినుండి పాడవలసినదే.

ఇందు పాడినవారు సామాన్యులు కారు. రోజే గేరేఁ స్వయముగా పేరుపొందిన ట్రంపెట్టు వాద్యకాడు. ఎడ్డీ లూయిస్ తరువాత ఆర్గను వాయించుటయందు ఫ్రాన్సు దేశమున ప్రసిద్ధుడయ్యెను. అమెరికానుండి వచ్చిన వార్డ్ స్వింగిల్ అనునాతడును, సంగీతకర్త మిషెల్ లెగ్రాఁ అక్క క్రిస్తియాన్ లెగ్రాఁయును కొంతకాలము ఇందు పాడిరి.

వీరి మొదటి రికార్డు 1960లో వెలువడెను. అందలి సంగీతము క్విన్సీ జోన్సు అను నల్లజాతి అమెరికను సంగీతజ్ఞుని బృందమునకు చెందినది. అతడు 1957లో పారిస్‌కు వచ్చి, నాదియా బూలాంజే అను సుప్రసిద్ధ ఉపాధ్యాయినివద్ద చదివి, బార్క్లే అను రికార్డుల సంస్థయందు పనిచేసియుండెను. 1963లో డిజ్జీ గిలెస్పీ అను మహావాద్యకాడు వీరితో కలిసి స్వయముగా ట్రంపెట్టు ఊది ఒక రికార్డు చేసెను. అందు పియానో వాయించినవారిలో బడ్ పవెల్ అను పండితుడు కలడు. 1964లో రే చార్లెస్ పాటల రికార్డు వచ్చెను.

ఈ పాటల మాటలు మిమీ పెర్రిన్‌వి. ఆమె పని ఎంత కష్టమో గ్రహించుటకు మన వ్యాకరణమును ఒక్కమాఱు తలంతము. క చ ట త ప లు పరుషములు, గ జ డ ద బ లు సరళములు అని మనము క్రింది తరగతులలోనే నేర్చితిమి. ట్రంపెట్టు చప్పున కొట్టినట్లు మొదలగు ధ్వని గలది. దానికి పరుషాక్షరముతో మొదలగు మాట కావలయును. శాక్సోఫోను జారుచు సాగుచు పలుకును. దానికి మెత్తని హల్లులును, సాగు అచ్చులును కావలయును. కావున ఏ మాట అర్థమునకు సరిపోవునో చూచిన చాలదు. ఏ వాద్యము, ఏ స్వరము, ఎంత దీర్ఘము అని చూచి, ఆ ధ్వని గల మాటనే వెదకవలయును. అట్లు ధ్వనికై వెదకిన మాటలన్నియు కలిసి మఱల ఒక చిన్న కథగా అర్థము నీయవలయును.

ఫ్రెంచిభాషవలన ఇంకొక కష్టము కలదు. ఆంగ్లమున ప్రతి మాటయందును ఒక అక్షరమును ఊనికతో పలుకుదురు. జాజ్ లయ ఆ ఊనికమీదనే పుట్టి పెరిగినది. ఫ్రెంచిభాషయందు అక్షరములు ఇంచుమించు సమముగా పలుకబడుచు, పదసముదాయము తుదిని మాత్రము ఊనిక పడును. సమతలమున పాఱు నీటివంటి భాషను రాళ్లమీద దుముకు లయలోనికి మళ్లింపవలసియుండెను. ఇంత వేగమున పాడిన మాటలు వినువారికి తెలియునా అని ఆక్షేపింపవచ్చును. మొదటిమాఱు విన్నప్పుడు అన్నియు తెలియవనుట నిజమే. అయినను మాటలే లేకున్న ఆ పాటలకు ఆ కాఠిన్యమును, ఆ మెత్తదనమును ఉండవు. తెలియని మాటయు వాద్యధ్వనికి ప్రాణము పోయుచునే యున్నది.

ఇచ్చట నొక పోలిక గమనింపదగినది. వార్డ్ స్వింగిల్, క్రిస్తియాన్ లెగ్రాఁ మొదలగువారు స్వింగిల్ సింగర్స్ అను వేఱు బృందముగా ఏర్పడి, 1963లో బాఖ్ సంగీతమును మాటలు లేకుండ, దబదబ యను ధ్వనులతో పాడి లోకప్రసిద్ధులైరి. ఆ మార్గము సుగమమైనది, దేశదేశములవారికి ఒక్కటిగా రుచించునది. మిమీ పెర్రిన్ మాత్రము మాటను విడువలేదు. మాటపై గల ఈ పట్టుదలయే పిదప ఆమెను కాపాడినది.

5. పాట ఆగిన దినము

1966లో ఆమె ఆరోగ్యము చెడినందున పాట మానవలసివచ్చెను. బృందము విడిపోయెను. అప్పటి కామెకు 40 ఏండ్లు. బృందము నిలిచినది ఇంచుమించు ఏడేండ్లు. మిగిలినవి నాలుగు పెద్ద రికార్డులు. గాయకుని పనిముట్టు అతని దేహమే. వీణ పగిలిన వేఱొక వీణ కొనవచ్చును. దేహము సహింపనప్పుడు గాయకుడు కొనదగిన దేహ మెచ్చటను లేదు. బాల్యమునుండి సంపాదించిన విద్య అక్కఱకు రాని స్థితియందు నడివయస్సున నిలుచుట ఎంత కఠినమో విద్యార్థులు ఊహింపజాలకపోయినను, తలిదండ్రులు ఊహింపగలరు.

కాని ఆమె సంపాదించినది కంఠము మాత్రమే కాదు. సొర్బోన్‌నందు చదివిన ఆంగ్లము కలదు. ఒక ధ్వనిని విని, దానికి సరియగు ఫ్రెంచిమాట దొరకువఱకు విసుగక వెదకు అలవాటు కలదు. ఈ రెంటిని కలిపి ఆమె ఆంగ్లగ్రంథములను ఫ్రెంచిభాషలోనికి మార్చు పనిని చేపట్టెను. వెనుక స్వరమును విని మాట వెదకెను. ఇప్పుడు పరభాషను విని తన భాషను వెదకెను. పని పేరు మాఱినది గాని చెవి మాఱలేదు.

డిజ్జీ గిలెస్పీ 1979లో ప్రకటించిన స్వీయచరిత్రమును ఆమె ఫ్రెంచిలోనికి మార్చెను. ఒకనాడు ఎవని బాకా స్వరములకు తాను ఫ్రెంచిమాటలు కూర్చెనో, అతని బ్రతుకు కథకే మఱల ఫ్రెంచిమాటలు కూర్చుట తటస్థించెను. ఆ గ్రంథమున జాజ్ వాద్యకాండ్ర పరిహాసములును, వారి వాడుకమాటలును విస్తారముగా నుండును. వారి నడుమ కూర్చుండి పాడినవారు గాక, నిఘంటువును మాత్రము నమ్మినవారు ఆ పనిని ఎట్లు చేయగలరు?

అంతకంటె కఠినమైనది ఆలిస్ వాకర్ రచించిన ద కలర్ పర్పుల్ అను నవల. ఇది 1982లో వెలువడి 1983లో పులిట్జర్ బహుమానము నందినది. అమెరికా దక్షిణదేశమునందలి సీలీ అను పేద నల్లజాతి బాలిక, చదువు అంతగా లేనిది, తన కష్టములను ఎవరితోను చెప్పుకొనజాలక దేవునికి ఉత్తరములుగా వ్రాసికొనును. ఆమె వ్రాసినది పుస్తకముల ఆంగ్లము కాదు. నోట పలికిన పలుకు పలికినట్లే కాగితముమీదికి వచ్చినది. అట్టిదానిని వ్యాకరణశుద్ధమైన పరభాషలోనికి మార్చినచో సీలీ మాయమై పంతులుగారు మిగులుదురు. మేము వ్రాయుచున్న ఈ గ్రాంథికభాషయందు ఒక కూలిపిల్ల తన తల్లితో మొఱపెట్టుకొనుచున్నట్లు వ్రాసిన ఎట్లుండునో ఊహించినచో ఈ చిక్కు బోధపడును. తప్పులు దిద్దరాదు, తప్పులను వేళాకోళమునకై పెంచనురాదు, ఆ గొంతు వినబడవలయును. ఈ నవలను ఫ్రెంచివారికి 1984లో అందించినది మిమీ పెర్రిన్. మఱుసటి యేడు ఆ నవల చలనచిత్రముగా వచ్చినపుడు దానికి సంగీతము కూర్చినది క్విన్సీ జోన్సు. పారిస్‌నందు 1960లో ఒక రికార్డుపై కలిసిన రెండు పేర్లు, పాతికేండ్లకు ఒకే కథ చెంత, ఒకటి మాటవైపునను ఒకటి స్వరమువైపునను, మఱల చేరినవి.

తరువాతి కాలమున ఆమె తన కుమార్తె ఇజాబెల్‌తో కలిసి జాన్ లె కారే అను ఆంగ్లరచయిత నవలలను భాషాంతరీకరించెను. 2001లో వెలువడిన ద కాన్‌స్టంట్ గార్డెనర్ అను నవల అట్టివానిలో నొకటి. ఆ రచయిత పాత్రలు నోరు విప్పినంతనే వారి కులమును, బడిని, కపటమును బయటపెట్టుదురు. తల్లికి తెలిసిన విద్య కూతురి చేతికి వచ్చుట మన యిండ్లలో వంటకును, పాటకును తఱచు. ఇచ్చట వాక్యమునకు జరిగినది. మిమీ పెర్రిన్ 2010వ సంవత్సరము నవంబరు 16వ తేదీన తన 84వ యేట మరణించెను.

6. మనము గ్రహింపవలసినది

కష్టపడినవారికి అన్నియు సమకూరునని చెప్పుటకు మేము ఈ చరిత్రమును వ్రాయలేదు. ఆమెకు అన్నియు సమకూరలేదు. పోయిన పాట మఱల రాలేదు. ఆమెతో పాడి వేఱు త్రోవ త్రొక్కినవారికి ఆమెకంటె హెచ్చు కీర్తి వచ్చెను. మేము చెప్పదలచినది ఇంతే. ఏ విద్యనైనను శ్రద్ధగా నేర్చినప్పుడు మనకు రెండు లాభములు కలుగును. ఒకటి ఆ విద్య. రెండవది, ఆ విద్యను నేర్చుటకై పదునుపెట్టిన చెవియో, కన్నో, చేయియో. మొదటిది పోవచ్చును. రెండవది మన వెంట వచ్చి వేఱొక పనియందు చేరును. కాని అది ఊరక చేరదు. ఆమె ఆంగ్లమును నిర్లక్ష్యము చేసి పాటనే పట్టియున్నచో, 1966లో ఆ చెవికి చేయదగిన పని దొరకెడిది కాదు. కావున పాడు పిల్లలు పుస్తకమును విడువరాదు. పుస్తకము పట్టిన పిల్లలు పాటను చులకన చేయరాదు. తలిదండ్రులు ఒకదానికొఱకు రెండవదానిని మాన్పింపరాదని మా మనవి.

ఈ వ్యాసము చదివిన విద్యార్థులు సెలవులలో రెండు అభ్యాసములు చేయుదురు గాక. మొదటిది: తమకు తెలిసిన చిన్న చిట్టస్వరము నొకదానిని తీసికొని, దీర్ఘమున్నచోట గురువును, హ్రస్వమున్నచోట లఘువును ఉంచి, అర్థము చెడకుండ తమ యింటి సంగతి నొకదానిని దానికి సాహిత్యముగా కూర్చవలయును. రెండవది: తమ ఆంగ్లవాచకమున ఒక రైతో, ఒక బాలుడో మాటలాడు పుట నొకదానిని, తమ యూరివారు మాటలాడినట్లే తెనుగున వ్రాసి, ఇంటిలోని పెద్దలకు బిగ్గఱగా చదివి వినిపింపవలయును. వినుచున్న అవ్వ "ఎవరే ఆ మాటలాడునది?" అని ద్వారమువైపు చూచినచో ఆ భాషాంతరీకరణము కుదిరినట్లే.